మిషన్ లేని వైన్ సెల్లార్: ప్రాజెక్టు డైరీ

పని చోటు, లెక్క

నేలమాళిగలో ఒక మూల. లోపలి కొలత 3.0 × 2.4 మీటర్లు, ఎత్తు 2.3 మీటర్లు. రెండు గోడల అవతల మట్టి, మిగతా రెండు వైపులా ఇల్లు. నెత్తిన కాంక్రీటు స్లాబు, దాని మీద మనుషులు తిరిగే గది. కూలింగ్ యూనిట్ అనేదే లేకుండా ఇక్కడ 300 సీసాలు ఏళ్ల తరబడి నిలవ ఉండాలి.

వైన్ నిలవకు 10 నుంచి 14 డిగ్రీల మధ్య మంచిది. అంతకన్నా ముఖ్యం, ఆ ఉష్ణోగ్రత గబగబా మారకూడదు. వేడెక్కితే సీసాలో ద్రవం వ్యాకోచించి బిరడాను నెడుతుంది. చల్లబడితే వెనక్కి తగ్గి, బిరడా పక్కనుంచి గాలిని లాక్కుంటుంది. రోజూ ఇదే జరిగితే వైన్ పాడవుతుంది. అదే తేడా ఆరు నెలల మీద నెమ్మదిగా వస్తే సీసా తట్టుకుంటుంది. పాసివ్ సెల్లార్, అంటే మిషన్ లేకుండా నేల చల్లదనంతోనే నడిచే గది, ఇవ్వగలిగేది ఈ నెమ్మదితనమే. 13 దగ్గర సూది నిలిపినట్టు ఉండాలంటే మాత్రం మిషన్ పెట్టుకోవాల్సిందే.

ముందుగా తేల్చుకోవాల్సింది నేల ఎంత చల్లగా ఉందన్నది. పది మీటర్లకు పైబడిన లోతులో మట్టి ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. లోతైన బావి నీళ్లు తోడిన వెంటనే థర్మామీటరు ముంచితే ఈ అంకె దొరుకుతుంది. ఇక్కడ 11.5 డిగ్రీలు వచ్చింది. 14 దాకా హాయిగా పని మొదలుపెట్టవచ్చు. 18 దాటితే ఎంత ఇన్సులేషన్ వేసినా ప్రయోజనం లేదు. గది ఎప్పుడూ నేల కన్నా కాస్త వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఆ నేల మీద పాసివ్ సెల్లార్ తలపెట్టకపోవడమే మేలు.

చెమ్మ ఉన్న మామూలు మట్టిలో పగలూ రాత్రీ వచ్చే తేడా అరమీటరు దాటి దిగదు. ఏడాది తేడా మాత్రం చాలా లోతుకు పోతుంది. 2.5 మీటర్ల లోతులో కూడా పైన ఉన్న హెచ్చుతగ్గుల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువే మిగులుతుంది, అదీ సుమారు రెండు నెలలు ఆలస్యంగా. అందుకే ఎండలు మండుతున్నప్పుడు గది చల్లగా ఉందని మురిసిపోకూడదు. అసలు పరీక్ష ఎండలు తగ్గాక వస్తుంది.

లాగర్లు పెట్టడం

నాలుగు డేటా లాగర్లు (రీడింగులను వాటంతటవే నమోదు చేసుకునే మీటర్లు): ఇంట్లో ఒకటి, గది మధ్యలో ఒకటి, సీలింగు కింద ఒకటి, నేల మీద ఒకటి. పెట్టేముందు వాటిని సరిచూడాలి. పగలగొట్టిన ఐసు, కొద్దిగా నీళ్లు కలిపిన గిన్నెలో ప్రోబు (ఉష్ణోగ్రత పసిగట్టే కొస) ఉంచితే 0 చూపించాలి. తేమ మీటరుకైతే మూత బిగుతుగా పట్టే డబ్బాలో తడి ముద్దలా కలిపిన ఉప్పు పెట్టి, ఉప్పు తగలకుండా మీటరును రాత్రంతా వదిలేయాలి. 75 శాతం చూపించాలి. మా వాటిలో ఒకటి 81 చూపించింది, ఆ 6 తీసేసి చదువుతున్నాం.

నేల ప్రోబును ఊరికే గచ్చు మీద పడేస్తే గాలి ఉష్ణోగ్రతే చెబుతుంది. 60 సెం.మీ. చదరపు ఎక్స్‌పీఎస్ (ఇన్సులేషన్‌కు వాడే గట్టి ఫోమ్) ముక్క కింద ప్రోబు పెట్టి, పైన బరువుంచితే కింది మట్టి సంగతి తెలుస్తుంది. గది ప్రోబును నీళ్లు నింపిన వైన్ సీసాలో దించాం. సీసా లోపల ఏం జరుగుతోందన్నదే కావాల్సిన అంకె.

ఇన్సులేషన్ వేయకముందు ఎండాకాలం రీడింగు: ఇల్లు 25, గది 20.8, ఎక్స్‌పీఎస్ ముక్క కింద 15. నేల చల్లదనం ఇస్తూనే ఉంది, ఇల్లు దాన్ని తినేస్తోంది. ప్రాజెక్టు మొత్తం ఈ మూడు అంకెల మీదే నడిచింది.

చెమ్మ ఎక్కడిదో తేల్చడం

మట్టి వైపు గోడ మీద తెల్లటి పొడి లేస్తోంది, అక్కడక్కడ నల్లగా మచ్చలు. ఇది అవతలి నుంచి ఊరే నీరా, లోపలి గాలి గోడకు తగిలి చెమర్చడమా? మందు వేరు గనుక తేల్చుకోవాలి. అరమీటరు చదరపు పాలిథీన్ షీటును గోడకు పెట్టి నాలుగు అంచులూ టేపుతో మూసేసి, ఒకటి రెండు రోజులు ఉంచాలి. షీటు వెనక నీటి బొట్లు ఉంటే గోడ నుంచి చెమ్మ వస్తున్నట్టు. గది వైపు ఉంటే గాలిలోదే. ఇక్కడ కింది అరమీటరులో వెనక, పైభాగంలో గది వైపు కనిపించాయి. అంటే రెండూ ఉన్నాయి.

ఊరే నీటికి లోపల ఎంత పూత పూసినా అది కొన్నాళ్లకు పొరలుగా ఊడుతుంది. నీటిని బయటే ఆపాలి. పైకప్పు నీటి గొట్టం గోడ పక్కనే వదులుతోంది, దాన్ని 3 మీటర్ల అవతలికి మళ్లించాం. గోడ పక్క నేలకు ఇంటి నుంచి అవతలికి వాలు ఇచ్చాం. ఇన్సులేషన్ కొనకముందు ఒక వానాకాలం గడిచేదాకా ఆగడం మంచిది. నీరు ఊరే గోడ పక్కన కొత్త చెక్క నిలబెడితే అది కుళ్లుతుంది.

బూజు కడగడానికి బ్లీచింగ్ నీళ్లు వాడొద్దు. ఈ మాట గట్టిగా చెప్పాలి. క్లోరిన్ చెక్కలోని పదార్థాలతో కలిసి క్లోరోఫినాల్స్ అవుతుంది, బూజు వాటిని ట్రైక్లోరోయనిసోల్‌గా మారుస్తుంది. వైన్‌కు తడిసిన అట్టముక్క వాసన తెచ్చేది ఇదే. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకు తెలిసిపోతుంది, గదిలో ఒకసారి పట్టిందంటే వదిలించడం మహా కష్టం. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టాం. ఆ తర్వాత గోడలకు సున్నం. ఆయిల్ పెయింటు, ప్లాస్టిక్ పెయింటు వేస్తే గోడ ఊపిరాడక పొర కింద పొక్కులు లేస్తాయి.

నేల గచ్చు అలాగే ఉంచేశాం. పాత పద్ధతిలో గచ్చు తవ్వి కంకర పరిస్తే తేమకు మంచిదే, కానీ భూమి నుంచి రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు లోపలికి వస్తుంది. గచ్చు ఉన్నా లేకపోయినా మూసిన నేలమాళిగ గదికి రాడాన్ పరీక్ష చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు ఘనపు మీటరుకు 100 బెక్వెరల్స్.

ఇన్సులేషన్ ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

ఇంటి వైపు రెండు గోడలు, సీలింగు, తలుపు: వీటికి ఎంత వీలైతే అంత. గచ్చుకు, మట్టి వైపు గోడల కింది భాగానికి అస్సలు వద్దు. ఆరు వైపులా ఫోమ్ కొట్టేస్తే నేలతో సంబంధం తెగిపోయి, గది కొన్ని వారాల్లో ఇంటి ఉష్ణోగ్రతకు చేరుతుంది. మిషన్ పెట్టే సెల్లార్ల కోసం రాసిన సూచనలు చూసి పాసివ్ గది కట్టేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటారు.

మట్టి వైపు గోడల పైభాగం సంగతి వేరు. నేలమట్టం నుంచి కిందికి ఒక మీటరు దాకా మట్టి ఎండకు వేడెక్కుతుంది. అక్కడ బయటి వైపు ఇన్సులేషన్ వేశాం. గోడ పక్కన 300 మి.మీ. లోతున తవ్వి, 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ బోర్డులను 1.2 మీటర్ల వెడల్పున గొడుగులా పరిచాం. ఇంటికి దూరంగా 50 మి.మీ. వాలు. గోడకు నిలువుగా కూడా అదే బోర్డు. రకం 300 కిలోపాస్కల్ ఒత్తిడిని తట్టుకునేది. మెత్తటి తెల్ల థర్మాకోల్ మట్టి బరువుకు నొక్కుకుపోయి నీళ్లు పీలుస్తుంది. బోర్డు కింద 50 మి.మీ. ఇసుక, పైన మందపాటి పాలిథీన్, ఆ పైన మట్టి. పడకకు సుమారు 9 చదరపు మీటర్లు పట్టింది, 1250 × 600 కొలత బోర్డులు 12. ఈ గొడుగు మట్టి ఏడాది సగటును తగ్గించదు, ఎండాకాలం గరిష్ఠాన్నీ చలికాలం కనిష్ఠాన్నీ సగటు దగ్గరికి లాగుతుంది. వాన నీటిని గోడ నుంచి అవతలికి నెట్టడం అదనపు లాభం.

సీలింగు

75 మి.మీ. పీఐఆర్ (రెండు వైపులా రేకు అంటించిన గట్టి ఫోమ్) బోర్డులు రెండు పొరలు, మొత్తం 150. ఒక పొర అతుకు మీద రెండో పొర అతుకు పడకుండా అడ్డంగా తిప్పి వేయాలి. 2.4 × 1.2 మీటర్ల బోర్డులు లెక్క ప్రకారం 5 సరిపోతాయి, తరుగుతో 6 తెచ్చాం.

మొదటి పొరను స్లాబుకు పూర్తిగా అంటించాలి. బోర్డుకూ స్లాబుకూ మధ్య ఖాళీ మిగిలితే వెచ్చటి గాలి అందులో తిరిగి ఇన్సులేషన్‌ను దాటిపోతుంది. అంటుకునే ఫోమ్‌ను అంచుల చుట్టూ తెగకుండా ఒక గీత, మధ్యలో రెండు గీతలు వేసి, కింద నుంచి కర్రలతో ఊతమిచ్చి గట్టిపడేదాకా కదల్చలేదు. రెండో పొరకు వెడల్పాటి ప్లేట్ వాషర్లతో పొడవు స్క్రూలు, చదరపు మీటరుకు 5 లేదా 6.

గోడల దగ్గర బోర్డును బిగుతుగా దూర్చకూడదు. 8 నుంచి 10 మి.మీ. ఖాళీ వదిలి గన్ ఫోమ్‌తో నింపాలి. బిగుతుగా దూర్చిన బోర్డు చూడ్డానికి బాగుంటుంది గాని, గోడ ఎక్కడా తిన్నగా ఉండదు కాబట్టి లోపల కనిపించని సందులు మిగులుతాయి. పైగా వాటిలోకి ఫోమ్ ముక్కు దూరదు. ఫోమ్ ఆరాక బోర్డు మట్టానికి కోసి, 75 మి.మీ. అల్యూమినియం టేపు అంటించాలి. అంటించేముందు రేకు మీది దుమ్ము తుడవాలి. రంపంతో కోసిన పీఐఆర్ పొడి ఉంటే టేపు వారంలోపే ఊడి వేలాడుతుంది. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

స్లాబులోంచి దిగే వేడినీళ్ల గొట్టం ఒకటి గదిలోంచి పోతోంది. దానికి తొడుగు వేసి సరిపెట్టకుండా గది బయటికే మార్చాం.

ఇంటి వైపు గోడలు

45 × 70 మి.మీ. చెక్క స్టడ్లు (నిలువు కర్రలు), 600 మి.మీ. దూరంలో. స్టీలు స్టడ్లు చౌకే కానీ వేడిని నేరుగా లోపలికి మోసుకొస్తాయి. కింది పట్టీ క్రిమిసంహారక మందు ఎక్కించిన చెక్క, దాని కింద ఫోమ్ పట్టీ, రెండు వైపులా సీలెంట్. మందు పట్టించిన చెక్క కొనేటప్పుడు క్లోరోఫినాల్ రకం కాదని రాతలో చూసుకోవాలి. చెక్క తేమ 18 శాతం కన్నా తక్కువ ఉండాలి. రెండు వైపులా రేకు, మధ్యలో పచ్చి చెక్క ఇరుక్కుంటే ఆ తేమకు దారి ఉండదు.

స్టడ్ల మధ్య 50 మి.మీ. పీఐఆర్. సెల్లార్ వైపు స్టడ్ల మీదుగా తెగకుండా మరో 50. ఈ రెండో పొరే అసలైనది, చెక్కలోంచి వచ్చే వేడిని అదే ఆపుతుంది. 9 బోర్డులు పట్టాయి.

ఇక ఆవిరి అడ్డు. 150 మైక్రాన్ల పాలిథీన్ షీటును ఇంటి వైపు, అంటే వెచ్చటి వైపు వేయాలి. 24 డిగ్రీల, 60 శాతం తేమ ఉన్న ఇంటి గాలి దాదాపు 16 డిగ్రీలకే చెమరుస్తుంది. షీటు చల్లటి వైపు ఉంటే ఆ గాలి ఇన్సులేషన్ గుండా నడిచొచ్చి షీటు వెనక నీరవుతుంది. బయటికి ఏమీ కనబడదు. తర్వాతెప్పుడో కింది పట్టీ దగ్గర బోర్డు విప్పితే మెత్తబడిన చెక్క చేతికొస్తుంది. అతుకుల దగ్గర షీటు 150 మి.మీ. ఒకదాని మీదొకటి ఎక్కాలి, గోడ, గచ్చు, స్లాబు తగిలే చోట సీలెంట్ గీత మీద నొక్కాలి. కరెంటు పెట్టె ఒక్కటి కూడా ఈ గోడలో పెట్టలేదు. వైరు ఒకే చోట లోపలికొస్తుంది, ఆ రంధ్రం ఫోమ్‌తో మూశాం.

లోపలి ముఖానికి 10 మి.మీ. సిమెంటు బోర్డు. పీఐఆర్‌ను ఎప్పుడూ బయటికి కనిపించేలా వదలకూడదు, నిప్పు అంటుకుంటే విషపు పొగ వస్తుంది. సీలింగుకూ ఇదే బోర్డు.

గచ్చు సంగతి మిగిలింది. పార్టిషన్ (ఇంటి వైపు గోడ) కింద నుంచి కాంక్రీటు అటూ ఇటూ ఒకటే పలక కాబట్టి పక్కగది వేడి అడ్డంగా లోపలికొస్తుంది. పార్టిషన్ గీత వెంట గచ్చును పూర్తి మందం కోసి 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ పట్టీ దింపడం మంచి పద్ధతి. అయితే అది నేల మీద ఊరికే పోసిన పలక అయ్యుండాలి, కింద పైపులుండకూడదు, పైన బరువు మోసే గోడ ఉండకూడదు. ఇక్కడ పైపులున్నాయి. అందుకని పక్కగది నేల మీదే పార్టిషన్ వెంట 1.2 మీటర్ల వెడల్పున ఎక్స్‌పీఎస్ పరిచి పైన ప్లైవుడ్ వేశాం.

తలుపు

ఇల్లు 24, గది 14 అనుకుని లోపలికొచ్చే వేడి లెక్క: సీలింగు నుంచి 11 వాట్లు, ఇంటి గోడల నుంచి చెక్కతో కలిపి 27, రెండూ కలిపి 38. మామూలు బోలు ఫ్లష్ డోరు పెడితే అదొక్కటే 40 వాట్లు దాటుతుంది. అన్నాళ్లు చేసిన పనికి సమానమైన వేడి 1.7 చదరపు మీటర్ల తలుపులోంచి వచ్చేస్తుంది. అద్దాల తలుపు గురించి ఇక చెప్పనవసరం లేదు.

గట్టి చెక్క తలుపు, సెల్లార్ వైపు 50 మి.మీ. పీఐఆర్, పైన పలుచటి ప్లైవుడ్. లెక్క 8 వాట్లకు దిగింది. బరువుకు మూడు మడతబందులు. మూడు వైపులా నొక్కుడు గాస్కెట్ (సందు మూసే పట్టీ), కింద తలుపు మూసినప్పుడు దానంతటదే దిగే సీలు. ఫ్రేముకూ గోడకూ మధ్య సందు ఫోమ్‌తో నింపాలి. చాలామంది గాస్కెట్ మీద శ్రద్ధ పెట్టి ఈ సందును పట్టీ వెనక ఖాళీగా వదిలేస్తారు. పరీక్షకు కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగాలి, ఎక్కడ సులువుగా జారితే అక్కడ వదులు. తర్వాత చీకట్లో లోపల నిలబడి బయట టార్చి తిప్పించాం. గొళ్లెం వైపు కింది మూలలో సన్నటి వెలుగు గీత కనిపించింది. తాళం పలకను 2 మి.మీ. లోపలికి జరిపితే పోయింది.

లోపల 5 వాట్ల ఎల్‌ఈడీ, టైమరుతో. పాత 60 వాట్ల బల్బు మరిచిపోయి వదిలేస్తే గదికి వచ్చే మొత్తం వేడి రెట్టింపు దాటుతుంది.

మొదటి ఎండాకాలం

గదిలోని గాలంతా కలిపి 16.5 ఘనపు మీటర్లు. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 20 కిలోజౌళ్లు చాలు. నిండు వైన్ సీసా ఒక్కటే దాదాపు 3.5 కిలోజౌళ్లు పట్టుకుంటుంది. అంటే ఆరు సీసాలు గది గాలంతటికీ సమానం. తలుపు తెరిచి గాలి మొత్తం మారిపోయినా 300 సీసాలున్న గది పెద్దగా కదలదు. ఖాళీ గదిలో మాత్రం అంకెలు ఎగిరి పడతాయి. అరలు నిండేదాకా ఖాళీ చోట నీళ్లు నింపిన సీసాలు పెట్టడం అందుకే.

మనసు పెట్టాల్సింది తేమ మీద. బయట 28 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే ఆ గాలి 22 దగ్గరే చెమరుస్తుంది. మగ్గిన వాసన వస్తోందని ఎండాకాలంలో వెంట్లు (గాలి రంధ్రాలు) తెరిస్తే 14 డిగ్రీల గోడల మీద నీళ్లు కారతాయి. పైగా ఒక లీటరు నీరు చెమర్చితే 0.68 యూనిట్ల వేడి వదులుతుంది. రోజుకు లీటరు చొప్పున అయితే అది 28 వాట్లు, సీలింగు మొత్తం కన్నా ఎక్కువ. 100 మి.మీ. వెంట్లు రెండున్నాయి, ఒకటి నేలకు దగ్గర, ఒకటి సీలింగు కింద. వాటికి ఎక్స్‌పీఎస్ బిరడాలు చెక్కి బిగించాం. బయటి గాలి డ్యూ పాయింట్ (అది చెమర్చే ఉష్ణోగ్రత) గోడ ఉష్ణోగ్రత కన్నా కిందికి వచ్చినప్పుడే అవి తెరుచుకుంటాయి.

రీడింగులు: గరిష్ఠం 15.4, అది కూడా ఎండలు తగ్గిన రెండు నెలలకు. అప్పుడు ఇల్లు 24. తేమ 68 నుంచి 74 మధ్య.

చలికాలం

వెంట్లకు పని ఇప్పుడే. 5 డిగ్రీల బయటి గాలి కింది వెంటు నుంచి వచ్చి, వెచ్చటి గాలి పై వెంటు నుంచి పోతుంది. అలా వచ్చే గాలి పొడిది. 5 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్నది 12కు వెచ్చబడితే 50కి పడిపోతుంది. తేమ 55 దగ్గరికి రాగానే వెంట్లు మూసి, వెడల్పాటి ట్రేలో తడి ఇసుక పెడుతున్నాం. గిన్నెడు నీళ్ల కన్నా తడి ఇసుక త్వరగా పని చేస్తుంది, ఆవిరయ్యే చోటు ఎక్కువ. 50 కన్నా దిగువన ఎక్కువకాలం ఉంటే బిరడా ఎండుతుంది, 80 దాటితే లేబుళ్లకు బూజు. కనిష్ఠం ఇప్పటిదాకా 10.6. గరిష్ఠం నుంచి ఇక్కడికి దిగడం రోజుకు సగటున 0.03 డిగ్రీల లోపే.

అరలు

పాలిష్ లేని పైన్ చెక్క, వార్నిష్ వాసన అసలు ఉండకూడదు. మామూలు సీసా వ్యాసం 76 మి.మీ. దగ్గర ఉంటుంది, షాంపేన్ సీసాలు 88 దాకా వస్తాయి. అందుకని గడి 95 × 95, లోతు 300. సీసా 1.3 కిలోల లెక్కన 300 సీసాలు 390 కిలోలు, చెక్క బరువు అదనం. మట్టి గోడలకు రంధ్రాలు వేయలేదు, అరలు తమ కాళ్ల మీదే నిలబడి ఇంటి గోడ స్టడ్లకు రెండు క్లాంపులతో కట్టి ఉన్నాయి. మట్టి గోడ నుంచి 50 మి.మీ. ఎడం, కాళ్ల కింద 10 మి.మీ. ప్లాస్టిక్ ముక్కలు. అట్టపెట్టెలు లోపలికి రానివ్వడం లేదు, బూజు ముందు వాటికే పడుతుంది.

పై వరుసకూ కింది వరుసకూ 1.8 డిగ్రీల తేడా కనిపిస్తోంది. ఫ్యానుతో కలిపితే ఈ తేడా పోతుంది కానీ ఫ్యాను కూడా వేడే ఇస్తుంది, కింది చల్లదనాన్నీ చెడగొడుతుంది. పదేళ్లు దాచే సీసాలు, షాంపేన్ లాంటి నురగ వైన్లు కింది మూడు వరుసల్లోకి, ఏడాదిలోపు తాగేవి పైకి సర్దాం. సీలింగు లాగర్‌ను అక్కడి నుంచి తీసి పై వరుసలో ఒక నీళ్ల సీసాలోకి మారుస్తున్నాం. గుమ్మం కింద గచ్చు మీద ఎక్స్‌పీఎస్ లేని 90 సెం.మీ. చోటు ఇంకా మిగిలే ఉంది, కొత్త ఎండలు మొదలయ్యేలోపు అది పూర్తి కావాలి.